బండి తలుపు మీది ఇంటి నంబరు

మా సాయిలు మామ, సుజాత అత్త బండిలోనే కాపురం పెట్టిన సంగతి ఇంతకు ముందు ఈ బ్లాగులో రాశాను. అది చదివిన కొందరు ఒకే ప్రశ్న అడిగారు: "ఇల్లు ఖాళీ చేసి బండిలో తిరుగుతూ బతకాలని మాకూ ఉంది, మరి కాగితాల సంగతి ఏమిటి?" అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉంది. ఆ జవాబు కోసం మేం వెళ్ళింది ఏ కొండలకో సముద్రానికో కాదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి, నలభై కిలోమీటర్ల చిల్లర. అయినా నేను ఇంతవరకు చేసిన ప్రయాణాల్లో ఇదే ఎక్కువ భయపెట్టింది.

సాయిలు మామ మా అమ్మకు తమ్ముడు. ఇరవై ఏళ్ళు బొంబాయి పక్కన భివండిలో ఉండి లారీ నడిపాడు. అక్కడి ఇరుకు గదిలో అత్త బీడీలు చుట్టేది. మామ తిరిగొచ్చిన ప్రతిసారీ తాను చూసిన ఘాట్లు, నదులు, సముద్రం గురించి చెప్పేవాడు. అత్త తునికాకు కత్తిరిస్తూ వినేది. ఏడేళ్ళ కిందట ఇద్దరూ ఎల్లారెడ్డికి వచ్చేసి, బాలవ్వ అనే పెద్దావిడ ఇంట్లో వెనుక గది అద్దెకు తీసుకున్నారు. నిరుడు ఒక రోజు అత్త, "చెప్పింది చాలు, ఇగ చూపియ్యి" అందట. అంతే. పాత టెంపో వ్యాను ఒకటి కొని, లోపల మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు బిగించుకుని బయలుదేరారు. ఆగిన ఊళ్ళో మామ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, అత్త చీరలకు ఫాల్స్ కుడుతుంది. డీజిలుకూ తిండికీ సరిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, బండి కొన్నారు గానీ ఆర్సీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంది. బీమా పాలసీ కూడా ఆయనదే. దాని గడువు ఇంకా ముప్పై ఐదు రోజులే ఉందని తెలిసి, కామారెడ్డి బస్టాండు దగ్గర కూర్చునే బీమా ఏజెంటు దగ్గరికి వెళ్ళాం. ఆయన కాగితాలు తిరగేసి మామ వైపు చూశాడు.

"అన్నా, బండి ఒకరిది, నడిపేది ఇంకొకరు, లోపట పొయ్యి, మంచం. రేపు ఏమన్నయితే ఎవల పేరు మీద రాస్తరు? ముందుగాల ఆర్సీ నీ పేరు మీదికి మార్చుకో. లోపట బిగించినయి గుడ దాంట్ల ఎక్కించుకో. అప్పుడు నా దగ్గరికి రా."

ఆర్సీ మార్చాలంటే చిరునామా రుజువు కావాలి. మామ, అత్త ఇద్దరి ఆధార్ కార్డుల మీదా ఇప్పటికీ భివండి గది చిరునామానే ఉంది. వచ్చి ఏడేళ్ళైనా మార్చుకోలేదు. దాని వల్ల తెలంగాణ ఆడవాళ్ళకు ఉచితమైన బస్సులో కూడా అత్తకు ఇబ్బందే. నాకు ఉచిత టికెట్ ఇచ్చిన కండక్టరే ఆమె దగ్గర డబ్బులు తీసుకుంటాడు. "నువ్వు తెలంగాణ బిడ్డవు, నేను బొంబాయి దాన్నాయె" అని నవ్వుతుంది గానీ, ఆ నవ్వులో కొంచెం నొప్పి ఉంటుంది.

అందుకని మీసేవలో నివాస ధ్రువపత్రానికి నేనే దరఖాస్తు చేశాను. రుసుము నలభై ఐదు రూపాయలు. ఫారంలో 'స్థిర నివాసం' అన్న మాట దగ్గర నా చేయి ఆగింది. ఈ మధ్య నాకు ప్రతి మాటనూ పట్టుకుని కాసేపు చూడటం అలవాటైంది. స్థిరంగా ఉండని వాళ్ళకు స్థిర నివాసం ఏది అని ఆలోచించి, చివరికి బాలవ్వ ఇంటి నంబరు 5-41 రాశాను. వారం తర్వాత అది తిరిగొచ్చింది. కారణం ఒకే వాక్యం: విచారణలో ఆ నంబరు గల ఇల్లు కనబడలేదు. మామ ఫోన్ చేసి బతిమాలితే, విచారణకు వచ్చిన రెవెన్యూ సారు సోమవారం రెండు గంటలకు మరోసారి చూస్తానన్నాడు. అప్పుడూ తేలకపోతే దరఖాస్తు మళ్ళీ మొదటి నుంచి. ఈలోపు పాలసీ గడువు అయిపోతుంది, బండి కదలదు. వాళ్ళకు బండి కదలకపోతే ప్రయాణమూ లేదు, పనీ లేదు.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు కామారెడ్డిలో మా ఇంటి నుంచి బయలుదేరాం. తాడ్వాయి దాటగానే రోడ్డుకు ఒక పక్కంతా యాసంగి పంట వడ్లు ఆరబోసి ఉన్నాయి. మామ ముప్పై వేగం దాటకుండా, ఎదురుగా బస్సు వస్తే ఆగిపోతూ నడిపాడు. ఈ కాలంలో వచ్చేవాళ్ళు గంట ప్రయాణానికి రెండు గంటలు పెట్టుకోండి. లింగంపేటలో చాయ్ కోసం ఆగాం. హోటలాయన బండి చుట్టూ తిరిగి, తలుపు మీద కొట్టిన చిన్న రేకు ముక్కను చదివాడు.

"ఇదేందన్నా, బండికి ఇంటి నంబరా? ఇంటి పన్ను గుడ కడుతున్నవా?"

"ఇంటి పన్ను బాలవ్వ కడ్తది, రోడ్డు పన్ను నేను కడ్త" అన్నాడు మామ. "చక్కెర జర తక్కువెయ్యి."

ఆ రేకు ముక్క గురించి నేను వెనకటి వ్యాసంలో ఎంతో మురిసిపోతూ రాశాను. బాలవ్వ ఇంటి గుమ్మం పక్కన మున్సిపాలిటీ వాళ్ళు కొట్టిన నంబరు అది. వీళ్ళు బండిలో బయలుదేరే వారంలోనే ఆ గోడకు సున్నం వేయిస్తూ రేకును ఊడదీసి కిటికీలో పెట్టారట. అన్నేళ్ళ గుర్తుగా అత్త దాన్ని అడిగింది. బాలవ్వ సరేనంది. ఎర్ర అక్షరాలతో 5-41 అని ఉన్న ఆ రేకును నాలుగు మేకులతో బండి తలుపుకు కొట్టింది అత్తే. నేను దాన్ని 'చక్రాల మీది చిరునామా' అన్నాను. నాకే నచ్చిన మాట. దానితో ఏం చేశామో ఆ రోజు దాకా మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పదకొండున్నరకు ఎల్లారెడ్డి చేరాం. బాలవ్వ ఉండే గల్లీ సన్నగా ఉంటుంది, వ్యాను పట్టదు. మొగదల ఆపి నడిచి వెళ్ళాం. బాలవ్వ జొన్నరొట్టెలు కొట్టి, చింతచిగురు పప్పు చేసి ఎదురుచూస్తోంది. అత్తను చూడగానే, "ఏందే, గింత నల్లగైనవు? వాడు నిన్ను ఎండల తిప్పుతున్నడా, ఆరబెడ్తున్నడా?" అంది.

"చూపియ్యమన్న గదవ్వా, అన్నీ చూపిస్తున్నడు" అంది అత్త.

తింటుండగా ఎదురింటి గంగారాం అన్న వచ్చి కూర్చున్నాడు. మనిషి మంచివాడు. "సారొస్తే గీడనే ఉంటున్నం అనుండ్రి. బండి ముచ్చట తియ్యకుండ్రి. పని అయిపోతది" అని సలహా ఇచ్చాడు. మామ రొట్టె తుంచి పప్పులో అద్దుకున్నాడు. అత్త మామ వైపు చూసి, చూపు పళ్ళెంలోకి దించుకుంది. నాకైతే గంగారాం అన్న చెప్పిందే సరైన దారిలా అనిపించింది. ఆ మాట కూడా ఇక్కడ రాయాలి.

రెండు దాటి పది నిమిషాలకు సారు బైకు మీద వచ్చాడు. చంకలో ఫైలు, నెత్తిన రుమాలు. గుమ్మం ముందు నిలబడి కుడి పక్క ఇంటినీ ఎడమ పక్క ఇంటినీ చూశాడు.

"గది 5-39. గిది 5-43. నడుమ దానికి నంబరేది? పోయినసారి గుడ గిదే అయింది. గల్లీల అడిగితే అందరు తెల్వదన్నరు."

"5-41 అంటే ఎవలకు ఎర్క సారూ?" అంది బాలవ్వ. "బాలవ్వ ఇల్లేదని అడగాలె. గా దినం నేను కార్ఖానకు బీడీలు ఒప్పజెప్ప పోయిన. ఉంటే పిలిచి చాయ్ పోస్తుంటి."

"నేను చాయ్ కోసం రాలే అవ్వ. నంబరు లేని ఇంటికి నేనేం రాయాలె?"

అప్పుడు తెలిసింది. నా చెవులు వేడెక్కాయి. మామ గోడ మీది తెల్లటి సున్నాన్ని చూస్తూ నిలబడ్డాడు. మా అందరికంటే ముందు నోరు తెరిచింది అత్త.

"నంబరు నా దగ్గర ఉన్నది సార్."

ఆమె ముందు, సారు వెనక, మేమంతా వాళ్ళ వెనక గల్లీ చివరి దాకా నడిచాం. సారు బండి తలుపు మీది రేకును వేలితో తట్టి చూశాడు. 

"అమ్మా, ఎండల ఈ గల్లీల నాలుగు చక్కర్లు కొట్టిన నేను. మీరేమో ఇంటి నంబరును ఊరూరు తిప్పుతున్నరు." కోపంగా అనాలనుకున్నట్టున్నాడు గానీ పెదవుల చివర నవ్వు ఆగలేదు. తర్వాత తలుపులోంచి లోపలికి చూశాడు. మంచం, పొయ్యి, తాడు మీద ఆరేసిన తువ్వాలు. నవ్వు పోయింది. "సరే. ఇప్పుడు నిజం చెప్పుండ్రి. మీరుండేది ఆ ఇంట్లనా, ఈ బండిలనా?"

గంగారాం అన్న దగ్గాడు. నేను మామ మొహం చూశాను.

"బండిల ఉంటం సార్" అన్నాడు మామ. "రెండు నెలలు, మూడు నెలలు తిరుగుతం. మళ్ళ ఈడికే వస్తం. ఆ గదికి ఇప్పటికి గుడ కిరాయి ఇస్తున్న. పెట్టె, మిషను, గిన్నెలు అన్నీ దాంట్లనే ఉన్నయి."

"తిరిగేటోళ్ళకు ఇక్కడ ఉంటున్నరని నేనెట్ల రాయాలె?"

 ఆ ప్రశ్న బాలవ్వ అందుకుంది. ఆమె కొంగు భుజం మీదికి సర్దుకుని ముందుకు వచ్చింది.

"సారూ, మా ఆయన బొంబాయి మిల్లుల ఇరవై రెండేండ్లు పని చేసిండు. ఏడాదికి ఒక్కపారి వచ్చేటోడు, పది దినాలుండి పోయేటోడు. ఓట్ల లిస్టుల పేరు ఈడనే, ఉత్తరం వస్తే ఈడికే. ఆయన ఇల్లు ఇది కాదని ఏ సర్కారోడు అనలే. గిప్పుడు వీండ్లు ఇద్దరు కలిసి తిరుగుతున్నరు, అంతే ఫరక్. ఆయన నన్ను ఈడ ఇడిసి పోయిండు. వీడు పెండ్లాన్ని ఎంట తీస్కపోతున్నడు. గిది తప్పైతదా?"

సారు ఫైలును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "తప్పని నేననలే అవ్వ. రాసేదానికి ఏదన్న ఆధారం ఉండాలె గద."

అప్పుడు నా సంచిలోని నోటుపుస్తకం గుర్తొచ్చింది. బ్లాగు కోసం వాళ్ళ ప్రయాణాలన్నీ నేను తేదీలతో రాసి పెట్టుకుంటాను. ఎప్పుడు బయలుదేరారు, ఏ ఊళ్ళో ఆగారు, ఎల్లారెడ్డికి ఎప్పుడు తిరిగొచ్చారు. పుటల మధ్య డీజిలు రసీదులు కూడా అంటించాను. సారుకు ఇచ్చాను. ఆయన బండి మెట్టు మీద కూర్చుని నెమ్మదిగా తిరగేశాడు. పోయిన ఏడాదిలో నాలుగుసార్లు తిరిగొచ్చారు. నాలుగుసార్లూ బాలవ్వ ఇంటికే. ఒక పుటలో బీదర్ కోట గురించి నేను రాసుకున్న నాలుగు ముక్కలు కూడా చదివినట్టున్నాడు, అక్కడ కాసేపు ఆగాడు.

"ఎవలు రాసిండ్రిది?"

"నేనే సార్. డిగ్రీ రెండో సంవత్సరం."

"రాస్తనే ఉండు" అన్నాడు, పుస్తకం తిరిగిస్తూ. తర్వాత అత్త వైపు తిరిగాడు. "ముందుగాల ఆ నంబరు ఇంటికి కొట్టుండ్రమ్మా. నేను ఫొటో తీసుకోవాలె."

మామ స్క్రూడ్రైవరు తీస్తే అత్త అందుకుంది. కొట్టింది తానే కాబట్టి తీసేది కూడా తానే అన్నట్టు. మూడు మేకులు తేలిగ్గా వచ్చాయి. నాలుగోది తుప్పుపట్టి రాలేదు. అత్త దాని చుట్టూ నూనె చుక్క వేసి, బొటనవేలితో రుద్ది, మెల్లగా లాగింది. రేకును చీర కొంగుతో తుడిచి ఇంటి దాకా రెండు చేతులతో పట్టుకుని నడిచింది. గుమ్మం పక్కన గంగారాం అన్న మేకులు కొట్టాడు. సారు మమ్మల్ని దాని కింద నిలబెట్టి ఫొటో తీశాడు, వెనుక గదిలో పెట్టె, మిషను చూశాడు, ఇరుగుపొరుగు ఇద్దరితో పంచనామా మీద సంతకాలు పెట్టించాడు. తాను రాసింది మామకు చదివి వినిపించాడు: పని మీద నెలల తరబడి బండిలో తిరుగుతారు, ఈ ఇంట్లో గది అద్దెకు ఉంది, తిరిగి వచ్చేది ఈ ఇంటికే. "నేను చూసింది రాసిన. ఇచ్చుడు, ఇయ్యకపోవుడు తహసీల్దార్ సారు ఇష్టం" అని బైకు ఎక్కాడు. ఈసారి బాలవ్వ చాయ్ తాగాకే.

 కామారెడ్డి తిరిగి చేరేసరికి పొద్దు గుంకింది. ధ్రువపత్రం ఏడో రోజున వచ్చింది. దానితో ఆర్సీ దరఖాస్తు, లోపలి మార్పుల తనిఖీ, మామ పేరు మీద కొత్త పాలసీ అన్నీ ఒకదాని వెంట ఒకటి నడిచాయి. పాత పాలసీ గడువుకు రెండు రోజుల ముందు పని ముగిసింది. ఆధార్ మార్పుకు కూడా ఆ కాగితమే పెట్టాం. మొన్న అత్త కామారెడ్డి బస్సులో తనకు ఇచ్చిన ఉచిత టికెట్‌ను నాకు ఫొటో తీసి పంపింది. 

నేను 'చక్రాల మీది చిరునామా' అని రాసినప్పుడు అది అందమైన మాటే అనుకున్నాను. అందమైనదే, కానీ నిజం కాదు. తిరిగేవాళ్ళకు చిరునామా అంటే వాళ్ళు లేనప్పుడు కూడా అక్కడే ఉండి, అడిగినవాళ్ళకు వాళ్ళ గురించి చెప్పేది. ఎల్లారెడ్డిలో ఆ పని చేస్తున్నది రేకు ముక్క కాదని, బాలవ్వ అని ఆ రోజు చూశాను. బండి తలుపు మీద ఇప్పుడు నాలుగు మేకు రంధ్రాలున్నాయి. పుట్టీతో పూడుస్తానని మామ అంటే అత్త వద్దంది. "ఉండనియ్యి, ఎక్కేటప్పుడు చెయ్యి తాకుతది. యాదికొస్తది" అంది.

మీరూ ఇలా బయలుదేరే ఆలోచనలో ఉంటే నా సలహా ఒక్కటే. నమ్మకమైన ఒక ఇంట్లో కనీసం ఒక గది అద్దెకు ఉంచుకుని, ఆధార్, ఆర్సీ, పాలసీ మూడింటి మీదా ఆ ఒక్క చిరునామానే ఉండేలా ముందే మార్చుకోండి. ఆ ఇంటి నుంచి గుర్తుగా ఏదైనా తీసుకెళ్ళండి గానీ, గోడ మీది నంబరును మాత్రం గోడకే వదిలి వెళ్ళండి.