చెక్‌పోస్టులో మిగిలిన సీసా

నవ్వితే నవ్వండి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను, జరగనిది ఒక్క ముక్క రాయలేదు. ఇదీ జరిగిందే. పోయిన నెల, అమీర్‌పేటలో.

నేనూ దేవదానం గారూ ఒకే ఆఫీసులో రిటైరయ్యాం. ఇద్దరిదీ పంజాగుట్టే. కర్ణాటకలో, పడమటి కనుమల్లో ఒక జాతీయ పార్కు ఉంది. అందులోని కొండ దారి ఎక్కాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. త్వరలో మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత కొండల మాట మర్చిపొమ్మన్నారు డాక్టరు. అంటే, ఇప్పుడు ఎక్కకపోతే ఇక లేదు.

దానికి పర్మిట్ కావాలి. అర్ధరాత్రి ఆన్‌లైన్‌లో వదులుతారు, చూస్తుండగానే అయిపోతాయి. ఇంట్లో ప్రయత్నించి ఓసారి పోగొట్టుకున్నాం. అందుకే ఈసారి అమీర్‌పేటలో శ్రీను నెట్ సెంటర్‌కి వెళ్ళాం. షట్టర్ సగం దించి ఉంది. దేవదానం గారు కొత్త ప్లాస్టిక్ సీసా తెచ్చుకున్నారు. దాని మెడకు పసుపు దారం... ఎవరూ ఎంగిలి చెయ్యకుండా ఆఫీసు రోజుల నుంచీ అదే అలవాటు.

శ్రీను ముందే హెచ్చరించాడు. “పర్మిట్లు అమ్ముకునే ఏజెంట్లు ఫోన్ చేసి భయపెడ్తరు అంకుల్, క్యాన్సిల్ చేపిస్తరు. నమ్మకుండ్రి.”

అడగకుండానే ఎందుకు చెప్పాడు? నాకు అనుమానం అక్కడే మొదలైంది.

పన్నెండయింది. రెండు చోట్లు దొరికాయి. ఓకే కొట్టడానికి సైటు కొద్ది వ్యవధి ఇచ్చింది. ఇంతలో కరెంటు మినుకుమంది. ఇన్వర్టర్ చూసొస్తానని శ్రీను బయటికి పోయాడు.

నా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

“సార్... చెక్‌పోస్ట్ నుంచి. మీ సీసా ఈడనే ఉంది.”

ఆ పార్కు చెక్‌పోస్టు గేటు దగ్గర ప్లాస్టిక్ సీసాలకు స్టిక్కర్ వేస్తారు. దిగాక చూపించాలి. నిబంధనల్లో చదివాను.

“ఏ సీసా?”

“పసుపు దారంది. ఇద్దరు ఎక్కిన్రు... ఒక్కరే దిగిన్రు. సీసా మర్శిపోయిన్రు.”

కన్నడ అడవిలో కాపలావాడు మన ఊరి యాసలో మాట్లాడతాడా? శ్రీను పనే అనుకున్నాను. దారం వాడు చూశాడు కదా. గట్టిగా తిట్టబోయాను...

అప్పుడు వినిపించింది. ఆ గొంతు వెనక.

టక్... టక్... తర్వాత రాళ్ళ మీద కాలు ఈడ్చిన చప్పుడు.

మళ్ళీ. టక్... టక్... ఈడ్పు.

రోజూ పొద్దున నా పక్కన నడిచే చప్పుడది. మెల్లగా తల తిప్పాను. దేవదానం గారు కుర్చీలోనే ఉన్నారు. ఆయన చేతికర్ర గోడకు ఆనించి ఉంది. స్క్రీన్ మీద కొండ బొమ్మ చూస్తున్నారు... చిన్నపిల్లాడిలా.

ఫోన్లో ఆ నడక దగ్గరికొచ్చింది. ఆగింది. ఎవరో ఊపిరి తీసుకున్నారు.

కట్టయింది.

శ్రీను వచ్చాడు. వాడి ఫోన్ టేబుల్ మీదే చార్జింగ్‌లో ఉంది. వాడికి ఇంకో ఫోన్ లేదని నేనెలా చెప్పగలను?

“ఓకే కొట్టాల్నా అంకుల్? టైమ్ అయిపోతుంది.”

నేను దేవదానం గారి వైపు చూశాను.

“ఏంటండీ, కొట్టమనండి,” అన్నారు దేవదానం గారు.

తల ఊపాను.

తిరిగి వస్తూ, మెట్రో పిల్లర్ల కింద అంతా చెప్పేశాను. ఆయన నిలబడి విన్నారు. “ఏజెంట్లండీ. మన చోటు కోసం,” అన్నారు. కావచ్చు. తెల్లారి ఆ నంబరుకు చేస్తే మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మోసగాడు గొంతు మార్చగలడు... ఆ నడక ఎక్కణ్ణుంచి తెస్తాడు?

రేపే ప్రయాణం. దిగింది ఎవరని నేను ఆ గొంతును అడగలేదు.

ఆయనా ఇప్పటిదాకా నన్ను అడగలేదు.