సోమవారం ఎక్కడ నిలుస్తావు

నలభై ఆరో ఏట నేను పీహెచ్‌డీలో చేరాను. అప్పటికి మదురై అవతల, తమిళం మధ్య తెలుగు మాట్లాడే రాజపాళయంలో సొంత క్లినిక్ పెట్టుకుని చాలా ఏళ్లయింది. ఊపిరితిత్తుల జబ్బులు చూస్తాను. మా ఊళ్లో ఏ వీధికి వెళ్లినా నూలు మిల్లులో పనిచేసినవాళ్లు ఉంటారు, వాళ్లలో ఎవరో ఒకరు నా దగ్గరికి దగ్గుతూ వస్తారు.

చేరిన సంగతి ఇంట్లో చెప్పినప్పుడు మా అత్తగారు చిక్కుడుకాయలు తుంచుతున్నారు. తల ఎత్తకుండానే, "ఉండే డాక్టర్ పట్టం చాలదా? దాని మీద ఇంకో డాక్టర్ పట్టమా?" అన్నారు. కానీ నేను మదురై వెళ్లాల్సిన శనివారాల్లో ఆవిడే ముందుగా లేచి, ఇడ్లీలకు పొడి పట్టించి, నూనె కారకుండా అరిటాకులో కట్టి నా సంచిలో పెట్టేవారు.

మదురైలో నా గైడ్ నాకంటే పదేళ్లు చిన్నది. నేను ఆమెను మేడమ్ అనేదాన్ని, ఆమె నన్ను మేడమ్ అనేది. మొదటి రోజు ఎవరు ముందు కూర్చోవాలో తెలియక ఇద్దరం కాసేపు నిలబడే మాట్లాడుకున్నాం.

నేను తీసుకున్న అంశం మిల్లు ఆడవాళ్ల ఊపిరి. పత్తి దుమ్ము ఏళ్ల తరబడి లోపలికి పోతే ఒక రకమైన జబ్బు వస్తుంది. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి వెళ్లగానే ఛాతీ బిగుసుకుంటుంది, వారం గడిచేకొద్దీ కాస్త సడలుతుంది. ముదిరాక ఇక ఏ రోజూ సడలదు. అది ముదరక ముందే గుర్తుపట్టే దారి ఉందా అన్నది నా ప్రశ్న.

ఒక మిల్లువాళ్లు అనుమతి ఇచ్చి, హాజరు వేసే టైమ్ ఆఫీసు పక్కన ఒక గది చూపించారు. అచ్చు వేయించిన ప్రశ్నల కాగితాలు, ఊపిరి బలం కొలిచే చిన్న గొట్టం పట్టుకుని ఏడాదిపాటు వారానికి రెండు రోజులు అక్కడికి వెళ్లాను. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కుర్చీ అంచున కూర్చునేవాళ్లు. దగ్గు ఉందా? లేదు. ఆయాసం? లేదు. ఛాతీ బిగింపు? లేదు. తర్వాత గొట్టం ఊదితే దాని మీది ముల్లు మాత్రం సగం దాకా కూడా వెళ్లేది కాదు. గైడ్ ఆ కాగితాలన్నీ తిరగేసి, "మేడమ్, గొట్టం ఒకటి చెప్తోంది, వీళ్లు ఒకటి చెప్తున్నారు" అంది. వాళ్లకు తమ ఒంటి మీద శ్రద్ధ లేదని నేను అనుకున్నాను. అలాగే అన్నాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ గదిలో నాకు లేదు లేదు అని చెప్పినవాళ్లలో ఒకావిడ నా పాత పేషెంటు. మంసాపురం నుంచి టౌన్ బస్సులో పనికి వచ్చేది. బ్లోరూంలో, అంటే పత్తి బేళ్లు విప్పి దులిపే చోట, ఆమె పని. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. ఒక సాయంత్రం బీపీ మాత్రల కోసం క్లినిక్‌కి వచ్చింది. చీటీ రాసి ఇచ్చాక కూడా లేవలేదు.

"ఏంటక్కా?" అన్నాను.

"డాక్టరమ్మా, కోపం చేసుకోకండి. ఆ రూములో కూర్చోపెట్టి దగ్గు ఉండాదా అంటే ఎవరు చెప్తారు? వాకిట్లో సూపర్‌వైజర్ నిలబడి ఉండాడు. ఉండాదని చెప్తే వేల పోతాది, ఇంక పని ఇయ్యరు."

"మీకు ఉందా?"

ఆమె ముందు తలుపు వైపు చూసింది, తర్వాత ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. "సోమవారం బస్సు దిగి మిల్లుకు పొయ్యేటప్పుడు నేను టీ కడ దగ్గర నిలుస్తాను. చెప్పు సరి చేసుకునేటట్టు వంగుతాను. నెంజు మీద తడిగుడ్డ పరిచినట్టు ఉంటాది, మూచ్చు లోపలికి పోదు. బుధవారం, గురువారం అయితే నిలవను, నేరుగా గేటుకు పోతాను. నేనొకత్తే కాదమ్మా. నాతో వచ్చే ఆడోళ్లకందరికీ తలా ఒక జాగా ఉండాది. ఒకరు నిలిస్తే ఇంకొకరు చూడనట్టు పోతాము."

పెన్ను మూత పెట్టేశాను. "పదేళ్లుగా నా దగ్గరికి వస్తున్నారు కదక్కా. నాకైనా ఎందుకు చెప్పలేదు?"

"మీరు మంచోళ్లే. అడిగినదానికి చెప్పినాను. అడగనిది ఎట్లా చెప్పేది?"

ఆ రోజు ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి తొందర లేకుండా విన్నాను. పిల్లికూత సన్నగా వినబడింది. ఆమె వెళ్లాక పాత కార్డు తీసి చూశాను. అంతకుముందు రెండుసార్లు అదే శబ్దం విని, నేనే 'జలుబు' అని రాసి పెట్టాను. రెండు తేదీలూ క్యాలెండర్‌లో వెతికాను. రెండూ సోమవారాలే.

ఆ శనివారం గైడ్ ముందు కాగితాల కట్ట పెట్టి, "ఇవి పనికిరావు మేడమ్. మళ్లీ మొదలుపెడతాను" అన్నాను.

"ఏడాది పని మేడమ్. వీటితో కూడా థీసిస్ రాయొచ్చు. ఎవరూ తప్పుపట్టరు."

"వాళ్లు భయపడి చెప్పారని నాకు తెలిసిపోయింది కదా."

ఆమె ఆ కట్టను బల్ల చివరికి జరిపింది. తర్వాత లేచి ఫ్లాస్కులోంచి తన కాఫీలో సగం నాకు పోసి, "సరే. ఎథిక్స్ కమిటీ అనుమతికి మళ్లీ పెట్టాలి. కొత్త ప్రశ్నలు ఎప్పటికి రాసిస్తారు?" అని అడిగింది.

తిరుగు బస్సులో శ్రీవిల్లిపుత్తూరు దాటేదాకా కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. ఇంటికి రాగానే మా అత్తగారు నా ముఖం చూశారు. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, నేను అంతా చెప్పాక, "తప్పు నీకే తెలిసింది. ఇంకొకరు వచ్చి చూపించలేదు. దానికి ఏడుస్తారా?" అన్నారు. అని, నా కంచంలో ఇంకో గరిటె రసం పోశారు.

కొత్త ప్రశ్నలు మంసాపురంలో అక్క ఇంటి అరుగు మీదే తయారయ్యాయి. నేను పుస్తకం భాషలో అడిగేదాన్ని, ఆమె దాన్ని మార్చి చెప్పేది. అలా మొదటి ప్రశ్న, సోమవారం మిల్లుకు నడిచేటప్పుడు ఎక్కడ నిలుస్తావు అన్నది అయింది. రెండోది, గురువారమైతే ఎక్కడ నిలుస్తావు అని. ఈసారి మిల్లులో కాదు, ఆదివారాలు వాళ్ల ఇళ్లకే వెళ్లాను. మంసాపురం, చోళపురం, టౌనులో మిల్లు కాలనీ. అక్క నాతో వచ్చి, "మా డాక్టరమ్మ, కాగితం మిల్లుకు పోదు" అని చెప్పి బయటికి వెళ్లి కూర్చునేది. ఒకరి సమాధానం ఇంకొకరు వినకూడదని నేను చెప్పిన నియమాన్ని నాకంటే గట్టిగా పాటించేది. అరుగు మీదికి ఎవరైనా వస్తే లేపి పంపేది.

ప్రశ్న వినగానే చాలామంది నవ్వారు. దొరికిపోయినవాళ్ల నవ్వు అది. తర్వాత చెప్పారు. పోస్టాఫీసు మలుపు. కొళాయి గట్టు. సైకిల్ స్టాండు గోడ. చోళపురంలో ఒకామె, "నేనెక్కడ నిలుస్తాను? పక్కన వచ్చేదాన్ని నిలిపి మాటలు పెడతాను. అదే బదులు మాట్లాడతా ఉంటాది, నేను మూచ్చు తీసుకుంటాను" అంది. గురువారం సంగతి అడిగితే ఎక్కువమందికి ఆ జాగా గేటుకు దగ్గరగా జరిగేది, లేదా అసలు ఉండేదే కాదు. గొట్టం చెప్పేదీ వాళ్లు చెప్పేదీ మొదటిసారి ఒక్కటయ్యాయి.

అక్క ఇంట్లో ఎనభై దాటిన ఆమె అత్తగారు తానూ ఊదుతానని పట్టుబట్టింది. ఊదితే ముల్లు కోడలికంటే చాలా పైకి వెళ్లింది. "వయల్లోనే, వరి నాట్లే వేల చేసినాను. మిల్లు పత్తి పంజు ముట్టినదాన్ని కాదు" అని ముసలావిడ మురిసిపోయింది. పక్కన నిలబడి అక్కా నవ్వింది. ఆమె అంకె ఎంత తక్కువో నాకు తెలుసు కాబట్టి నేను నవ్వలేకపోయాను.

బ్లోరూం మానేయమని మరుసటి వారం క్లినిక్‌లో అక్కకు చెప్పాను. ఒప్పుకోలేదు. కూతురు నర్సింగ్ చదువు ఇంకో ఏడాది ఉందంది. నేను తిట్టలేదు. ఇన్హేలర్ పట్టుకునే పద్ధతి మూడుసార్లు చూపించి, తర్వాత అడిగాను.

"మిల్లుకు ఒక లెటర్ రాయనా అక్కా? వేల తీసెయ్యమని కాదు, జాగా మార్చమని."

"వేల పోతే?"

"పోకుండా ఉండేటట్టు రాస్తాను. ముందు మీరు విని సరే అంటేనే ఇస్తాను."

ఆమెకు చదివి వినిపించి, ఆమె వద్దన్న ఒక వాక్యం కొట్టేసి, లెటర్ నేనే తీసుకెళ్లి మేనేజరుకు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, "వేరే ఎవరికైనా ఉందా?" అని అడిగాడు. పేర్లు చెప్పకూడదన్నాను. బ్లోరూంలో దుమ్ము తగ్గించే మార్గాలు మాత్రం చెప్పగలనన్నాను. ఒక కాగితం ముందుకు తోసి, రాయమన్నాడు. నెల తిరగకముందే అక్కను ప్యాకింగ్‌కు మార్చారు.

థీసిస్ పూర్తవడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. కృతజ్ఞతల పేజీలో పేరు వేస్తానంటే అక్క ఒప్పుకోలేదు. "మిల్లులో ఇంగ్లీషు చదివేవాళ్లూ ఉండారమ్మా. ఒక అక్క అని వెయ్యండి, చాలు." అలాగే వేశాను. వైవాలో పరీక్షకుడు ఆ మొదటి ప్రశ్న ఏ పుస్తకంలోదని అడిగాడు. పుస్తకంలోది కాదు, బ్లోరూంలో పనిచేసిన ఒక అక్క ఇచ్చిందని చెప్పాను. ఆయన ఏదో రాసుకున్నాడు. గైడ్ తల వంచుకుని తన గాజులు చూసుకుంటోంది, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

పట్టా వచ్చాక ఒక ఆదివారం థీసిస్ పుస్తకం తీసుకుని మంసాపురం వెళ్లాను. అక్క చేతులు తుడుచుకుని పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంది. పేజీలు తిప్పుతూ చుక్కల బొమ్మ ఉన్న చోట ఆగింది. ఒక్కో చుక్కా ఒక్కో మనిషి అని, సోమవారం ఎక్కడ నిలుస్తుందో దాన్ని బట్టి చుక్క చోటు అని చెప్పాను.

"దీంట్లో నేను ఎక్కడ?"

చూపించాను.

"ఇంత చిన్నగానా?"

"అందరూ అంతేనక్కా."

వేలితో తన చుక్కను తాకి, దాని పక్క చుక్క మీదికి జరిగింది. "ఇది ఎవరు?"

"చెప్పకూడదు."

"సరి, చెప్పొద్దు." ఆమె ఆ చుక్కను ఇంకొంచెం సేపు చూసి, పుస్తకం మూసి, నా చేతికి ఇవ్వకుండా తన పక్కన పెట్టుకుంది. "నాకు తెలుసు."