షట్టర్ ఎత్తితే తగ్గే ధర

పొద్దున్నే మొహం కడుక్కోగానే బల్బుల మామయ్య వరండా గోడకు బిగించిన చెక్క పలక దగ్గరికి వెళ్తారు. దానిమీద ఒక హోల్డరు, ఒక స్విచ్చి. డబ్బాలోంచి, గుర్తుగా దాచుకున్న పాత బల్బొకటి తీసి వెలిగించి చూస్తారు. వెలిగితే మళ్ళీ డబ్బాలో పెట్టేస్తారు. అమ్మడానికి కొట్టే లేదు. అయినా ఆ పని కానిదే ఆయనకు కాఫీ గొంతు దిగదు.

ఆ పలక ఒకప్పుడు వీధి చివర ఆయన కొట్లో ఉండేది. బల్బుగానీ, ట్యూబులైటుగానీ దానిమీద వెలిగించి చూపించకుండా ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. జనం కొట్లోకి వచ్చి వస్తువును అటూ ఇటూ తిప్పి, ఫొటో తీసుకుని, "మళ్ళీ వస్తాం మామయ్యా" అని వెళ్ళి ఫోన్లో తెప్పించుకునేవారు. అంతటితో ఆగినా బాగుండును. ఆ వచ్చిన బల్బును పట్టుకొచ్చి ఈయన పలకమీదే వెలిగించి చూడమనేవారు. కాదనడం మామయ్యకు చేతకాదు.

"ఆ పలకకు టిక్కెట్టు పెట్టండి, అదన్నా గిట్టుబాటవుతుంది," అని అత్తయ్య దెప్పేది.

ఫోన్లో ధర ఎప్పుడూ ఆయన ధరకంటే ఒక మెట్టు కిందే ఉండేది. ఈయన దిగితే అదీ దిగేది. చూస్తుండగానే కొట్టు చిక్కిపోయింది. చివరికి షట్టర్ దించి, పలక ఊడదీసుకుని ఇంటికి వచ్చేశారు.

కొన్నాళ్ళకు, ఊరికి ఆ చివర కాపురముంటున్న కూతురింటికి వెళ్ళినప్పుడు, తమ వంటింట్లో బల్బు పోయిన సంగతి గుర్తొచ్చి ఫోన్ తీశారు. ముందురోజు ఇంట్లో కూర్చుని చూసిన బల్బే. ధర చాలా తక్కువగా ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. తన ఇంటి అడ్రసు పెడితే అంకె పైకి లేచింది. కూతురి అడ్రసు పెడితే బుద్ధిగా కిందికి దిగింది.

"మా సందు మొదట్లో పెద్ద లైట్ల షాపుంది కదా నాన్నా. పక్కన పోటీ ఉన్నచోట తగ్గిస్తారట," అంది కూతురు. "మీ వీధిలో ఇప్పుడేముంది?"

"నేనున్నప్పుడు..." అని ఆయన ఆగిపోయారు.

ఫోన్లో అమ్మే ఆ కంపెనీవాళ్ళకు ఫోన్ చేశారు. ఎవరో అమ్మాయి పలికింది.

"ధరలు మారుతూ ఉంటాయి సార్."

"మారితే మారనీ తల్లీ. ఒకే బల్బుకు ఆ వీధిలో ఒక ధర, ఈ వీధిలో ఒక ధర ఏమిటి?"

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

"ముందు అడిగిందే ఇంకా అందలేదమ్మా," అనేలోపు ఫోన్ పెట్టేసింది.

సంగతి వీధంతా పాకింది. ఆదివారం పొద్దున మేడమీది టీచరమ్మ, ఇస్త్రీ బాబాయి కలిసి వచ్చారు.

"మామయ్యా, మీరు కొట్టు మళ్ళీ తెరవాలి," అంది టీచరమ్మ.

ఆయన గుండె ఒక్కసారిగా పొంగింది. "అయితే నా దగ్గరే కొంటారన్నమాట!"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "కొనడమని కాదు," అన్నాడు ఇస్త్రీ బాబాయి తల గోక్కుంటూ. "మీరు షట్టర్ ఎత్తి కూర్చుంటే చాలు. ఫోన్లో ధర దానంతటదే తగ్గుతుంది."

"మా ఆయన్ని దిష్టిబొమ్మను చేస్తారుటయ్యా!" అంది లోపల్నుంచి అత్తయ్య.

అయినా ఆయన తెరిచారు. కూర్చున్నాక నలుగురన్నా కొనకపోతారా అని ఆశ. కొట్టు గలాయన పాత పరిచయం కొద్దీ ఆర్నెల్లు అద్దె అడగకుండా చూస్తానన్నాడు. పలక మళ్ళీ గోడెక్కింది. కొన్ని వారాలకు ఫోన్లో ధర నిజంగానే దిగింది. అది ఈయనవల్లో, ఇంకెందువల్లో ఎవరికీ తెలియదు. వీధికి మాత్రం పండగే. అట్టపెట్టెలు చంకన పెట్టుకుని వచ్చి, "చల్లని చేయి మామయ్యా మీది" అంటూ బల్బులు వెలిగించి చూపించుకుని వెళ్ళేవారు. కొన్నవాళ్ళు లేరు.

ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో ఆయనకు తోచలేదు. ఫోన్లో తిట్టడానికి మొహం లేదు. వీధిలోవన్నీ తెలిసిన మొహాలే. ఆర్నెల్లూ గడిచాక షట్టర్ దించి తాళాలు కొట్టు గలాయన చేతిలో పెట్టారు. నెల తిరక్కుండా వీధిలో ధర మళ్ళీ ఎక్కి కూర్చుంది.

ఇప్పుడాయన ఒక కాలేజీ హాస్టల్లో కరెంటు పని చూస్తున్నారు. ఇంట్లో బల్బు పోతే కూతురి అడ్రసుకు తెప్పించుకుని, బస్సెక్కి వెళ్ళి తెచ్చుకుంటారు.