సీసాలో కెనడా ఇసుక

అబుదాబి ఎడారిలోని రువైస్ కూలీల క్యాంపులో మడ్డి పనంటే ఆశన్నే. పద్నాలుగేళ్లుగా చమురు ట్యాంకుల్లోకి దిగి, అడుగున పేరుకున్న నూనె మడ్డిని గోకి ఎత్తుతున్నాడు. చిటికెడు మడ్డిని రెండు వేళ్ల మధ్య నలిపి, ఆ ట్యాంకు ఎన్ని రోజుల పనో చెప్పేస్తాడు. ఇంజనీరు లెక్క తప్పొచ్చు గానీ ఆ వేళ్లు తప్పవు. అంత పనిమంతుడూ రత్నాకర్ మాటలకు మాత్రం ఇట్టే పడిపోయాడు.

ఈ రత్నాకర్ ఎవరంటారా? ఏ కొలువులోనూ ఆర్నెల్లు నిలవలేక, మెడకో టై బిగించి కెనడా వీసాల ఏజెంటుగా వెలసిన మహానుభావుడు. మొన్న 2024లో, ఓ ఆదివారం, మెస్ హాలు గోడ మీద ప్రొజెక్టర్‌తో బొమ్మలేసి చూపించాడు. కెనడాలో ఇసుకే నూనెతో తడిసి ఉంటుందట. తవ్వి వేడినీళ్లతో కడిగితే చమురట. గోడ మీద చమురు లెక్కల గీత ఒకటి పైపైకి పాకింది.

"ఇంకా ఇరవై ఏండ్లు ఉత్పత్తి పెరుగుడే, వ్యాపారం పెరుగుడే! మడ్డి గోకినోనికి ఆడ రాజభోగం. రేపే రాజీనామా ఇయ్యి, ఆశన్నా!"

రాజీనామా కాగితం అప్పటికే ఆశన్న జేబులో ఉంది. అది ముదీర్, అదే మేనేజరు, చేతిలో పడితే మళ్లీ ఈ గేటు లోపలికి రానివ్వరు. ఊళ్లో ఇద్దరు పిల్లల చదువు ఈ కొలువు మీదే నడుస్తోంది.

గోడ మీద మేడంత ట్రక్కు బొమ్మ పడింది.

"డ్రైవర్ ఏడి భాయ్?" అని అడిగాడు జమీర్, ఆశన్నతో ఒకే గదిలో ఉండేవాడు.

"అక్కర్లేదు, దానంతటదే నడుస్తది!" ఆ బండిని తనే కనిపెట్టినట్టు ఛాతీ విరిచాడు రత్నాకర్. ఆపైన చిన్న సీసా తీశాడు. "అసలు సిసలు కెనడా ఇసుక! పట్టి సూడు."

ఆశన్న నలిపాడు. వేళ్ల మధ్య ఏదో పెళుసుగా విరిగింది. ఎర్రటి తుప్పు పెచ్చు. ట్యాంకు ఇనుప గోడల నుంచి రాలేది.

"సారూ, కెనడాల భూమి గిట్ట తుప్పు పడ్తదా?"

"అరే, ఇది పోయిన వారం మనం గోకిన మడ్డే!" జమీర్ అరిచాడు. హాలంతా గొల్లుమంది.

రత్నాకర్ టై సర్దుకున్నాడు. "శాంపిల్ దొరకలే, ఊకె సూపెట్టిన. గీత మాత్రం నిజం!"

"నిజమే కావచ్చు," అన్నాడు ఆశన్న. "నూనె పెరుగుతది, బండ్లు పెరుగుతయి. ఆ గీతల ఈ ఆశన్న ఏడున్నడు? బండికే మనిషి వద్దంటివి! ఖలాస్, దుకాణం సర్దు."

చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతికాడు ఆశన్న. దొరకలేదు. జేబులోంచి రాజీనామా కాగితం తీసి, వేలు వేలూ శుభ్రంగా తుడుచుకున్నాడు.