నాట్యదేవత కుడికన్ను

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా పరువు పోయిన కథ. పోవడం కూడా ఏ వంటింట్లోనో గుట్టుగా పోలేదు. బహ్రెయిన్‌లో, పట్టపగలు, ఒక గ్రీకు దేవత కళ్ళెదుట పోయింది. ఆ కళ్ళలో ఎడమది నేను పెట్టిందే. కుడిది ఎవరు పెట్టారో తెలియకే నా ప్రాణం సగం అయింది.

అప్పట్లో ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక డాన్సు స్కూలుకి ఊడ్పు, తుడుపు, తాళాలు, పిల్లలు మర్చిపోయిన బూట్లు అన్నీ నేనే చూసేదాన్ని. అమలాపురంలో బి.ఏ. హిస్టరీ చదివి చీపురు పట్టావా అని మీరడుగుతారు, అడగండి. చీపురు పట్టుకున్నది చెయ్యి, నోరు కాదు. ఆ నోటితోనే వచ్చింది తంటా. వేసవి సెలవులకి విమానం ఎక్కుతూ, స్కూలు నడిపే మేడమ్ ఒక్క ముక్క అంది. "నాతో ప్రతిదానికీ వాదిస్తావు. తిరిగొచ్చాక నీ వీసా రెన్యువల్ చెయ్యాలో వద్దో చెప్తాను."

ఊళ్ళో మా అమ్మాయి నర్సింగ్ రెండో ఏడాది. నా వీసా పోతే దాని చదువు పోయినట్టే. కాబట్టి మేడమ్ వచ్చేదాకా నోరు మూసుకుని, చేతులు కట్టుకుని ఉండాలి. నోరు మూసుకున్నాను. చెయ్యే ఆగలేదు.

మేడమ్ వెళ్ళే ముందు హాల్లోకి ఒక విగ్రహం దిగింది. తెల్లటి ప్లాస్టర్, మనిషంత ఎత్తు, చేతిలో చిన్న వీణలాంటిది. పేరు టెర్ప్సికోరి. పలకడానికి నాలుక ముడిపడుతుంది గానీ ఆవిడ సామాన్యురాలు కాదు, గ్రీకుల నాట్యదేవత. తొమ్మిదిమంది అక్కచెల్లెళ్ళు. ఒకావిడకి చరిత్ర, ఒకావిడకి విషాదం, ఈవిడకి నాట్యం. మన కవులు పద్యం ఎత్తుకునే ముందు సరస్వతికి దణ్ణం పెట్టినట్టు, అక్కడి కవులు వీళ్ళకి పెట్టేవారు. ఆ దేశాల్లో నాటకశాలల గోడల మీదా పైకప్పుల మీదా ఈవిడ బొమ్మలు కోకొల్లలు. ఇదంతా స్కూలు వ్యాన్ డ్రైవర్ రాజన్నకి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. ఏళ్ళ తరబడి బహ్రెయిన్‌లో ఉండి కూడా ఇంటికి ఫోన్ చేసి "దుబాయిల ఉన్న" అంటాడు, అదో మనిషి.

అంతా విని తల గోక్కున్నాడు. "గదంత మంచిగనే ఉందక్కా. మరి ఆమెకు కండ్లేవి?"

నిజమే. కళ్ళ చోట రెండు ఒలిచిన కోడిగుడ్లున్నాయి.

"గ్రీకుల పద్ధతే అంత. గుడ్లుంటాయి, పాపలుండవు" అన్నాను. వాళ్ళు కళ్ళకి రంగులేసేవారనీ, కాలానికి వెలిసిపోయాయనీ నాకు తర్వాత తెలిసింది. వాదనలో తర్వాత తెలిసేవి లెక్కలోకి రావు.

"మా దిక్కు బొమ్మ అంత తయారైనంక ఆఖర్కి కండ్లు వెడతరు. గప్పుడే జీవమొస్తది. కండ్లు తెరవని దేవత ముంగట పోరగాండ్లు ఎగురుడు మంచిది గాదక్కా."

"ప్లాస్టర్‌కి జీవమేంటయ్యా? రేపు సిమెంటు బస్తాకి జాతకం చెప్తావేమో! వెళ్ళి బండి తుడుచుకో."

అతను వెళ్ళాడు. నేను మిగిలాను, ఆవిడ మిగిలింది. మీరెప్పుడైనా మూడు గోడలా అద్దాలున్న ఖాళీ హాల్లో మిట్టమధ్యాహ్నం ఒంటరిగా ఉన్నారా? బయట శమాల్ అనే ఎడారి గాలి ఇసుకని తలుపు సందుల్లోంచి తోస్తూ, ఎవరో పళ్ళ మధ్య ఈల వేస్తున్నట్టు రొదపెడుతోంది. వీధిలో పిల్లి కూడా లేదు. ఏసీ నీళ్ళు చెక్కనేల మీద టప్ మని ఒకటి, ఆగి మళ్ళీ ఒకటి, ఎవరో మునివేళ్ళ మీద నడుస్తున్నట్టు. ఏ అద్దంలో చూసినా ఆవిడే. ఇటు తిరిగితే ఆవిడ, అటు తిరిగితే ఆవిడ వీపు, ఆ వీపు వెనక అద్దంలో మళ్ళీ ఆవిడ. అందరికీ కోడిగుడ్లే.

తుడిచినంతసేపు తుడిచాను. చివరికి, "అమ్మా తల్లీ, నీకు చూపు లేకపోవడం నా ప్రాణానికొచ్చింది" అని సంచీలోంచి కాటుక భరిణె తీశాను. ఆముదపు దీపం మసితో మా అమ్మ కట్టిన కాటుక. చూపుడువేలితో ఎడమకంట్లో నల్లగా, గుండ్రంగా పాప దిద్దాను. అంతే, ఆవిడ నన్ను చూసింది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మేడమ్. "విగ్రహం జాగ్రత్త. చెయ్యి తగలనివ్వకు. దుమ్ము దులిపినా మెత్తటి బ్రష్‌తోనే."

"అయ్యో, ఆవిడ జోలికి నేనెందుకు వెళ్తాను మేడమ్!"

పెట్టేసి గుడ్డతో తుడిచాను. కాటుక ప్లాస్టర్‌లోకి ఇంకిపోయింది, పోలేదు. సబ్బు పెట్టాను. కంటి కింద నల్లటి మరక పాకింది. తాళం వేసి పారిపోయాను. మర్నాడు శుక్రవారం, నాకు సెలవు.

శనివారం తలుపు తీశాను. ఆవిడ రెండు కళ్ళతో చూస్తోంది.

ఒకటి కాదండీ, రెండు. ముందు అద్దం మాయ అనుకున్నాను. అద్దంలో ఎడమ కుడి అవుతుంది కదా, నేను దిద్దింది అటా ఇటా అని నా చెంప నేనే తడుముకున్నాను. మరక ఉన్నది నాది. రెండోదాని కింద మరక లేదు. నిగనిగలాడుతూ, రెప్ప లేకుండా చూస్తోంది. పైగా హాలు వేడికి నా కాటుక కరిగి చెంప మీదికి నల్లటి చారగా కారుతోంది. ఒక కన్ను ఏడుస్తోంది. రెండోది, ఏడిపించింది నువ్వే అన్నట్టు నన్ను చూస్తోంది.

రాజన్నని కేకేశాను. గడప దగ్గరే ఆగిపోయాడు.

"అక్కా, ఈ కండ్లు నువ్వు వెట్టినవా?"

వీసా గుర్తొచ్చింది. "నేనెందుకు పెడతాను? నేను వచ్చేసరికే ఇలా ఉంది."

"రెండూ?"

"రెండూ!"

అతని మొహం సున్నం కొట్టినట్టయింది. "ఒట్టు వెయ్యక్కా."

"ఒట్టేంటయ్యా, నీ మీదే ఒట్టు!"

ఆ క్షణం నుంచి నేను ఆవిడకి కుడివైపు వెళ్ళను. విచిత్రం, రాజన్న ఎడమవైపు రాడు. దుప్పటి తెచ్చి ఇద్దరం చెరో పక్కనుంచీ కప్పాం. ఏసీ గాలికి ఆ దుప్పటి లోపలికి పీల్చుకుంటోంది, బయటికి వదులుతోంది. నెమ్మదిగా, నిద్రపోతున్న మనిషిలాగా. కాసేపటికి గుడ్డ మీద నల్లటి చుక్క తేలింది. పెద్దదైంది. దుప్పటిలోంచి కూడా చూస్తోంది!

రాజన్న నిమ్మకాయలు తెచ్చాడు. బి.ఏ. హిస్టరీ నిమ్మకాయలు కోసింది. నవ్వకండి. గడప బయట పెట్టిన నిమ్మచెక్కలు ఎండకి వడియాల్లా ఎండాయి గానీ దుప్పటి ఊపిరి ఆగలేదు. రెండు రోజులు మేం వ్యాన్‌లో కూర్చుని అన్నం తిన్నాం. తిన్నాం అంటే టిఫిన్ డబ్బా మూత తీసి, హాలు తలుపు వంక చూసి, మళ్ళీ మూత పెట్టేవాళ్ళం.

సోమవారం మధ్యాహ్నం రాజన్న ఒక మాట అన్నాడు. "అక్కా, ఆమె నాట్యదేవతంటివి గద. నిమ్మకాయలు ఆమెకెందుకు? ఆట గావాలె. నాలుగడుగులేస్తే సల్లబడ్తది."

"సరే, ఆడు."

"నువ్వు గూడ. ఇద్దరమాడాలె. బతుకమ్మ లెక్క చుట్టు తిరుగుదాం."

"బతుకమ్మ నాకేం వచ్చు? కోలాటం వేద్దాం."

"గ్రీకులకు కోలాటం ఎర్కేనా?"

"బతుకమ్మ తెలుసా మరి? వాళ్ళు పువ్వుల్ని తలకి పెట్టుకుంటారు, బతుకమ్మ పేర్చరు!"

ఒక దేవత ఊపిరి పీలుస్తుంటే ఆవిడ ముందు ఇద్దరు తెలుగువాళ్ళు ఏ జిల్లా ఆట గొప్పదని కొట్టుకున్నారు. చివరికి రాజీ కుదిరింది. తిరగడం బతుకమ్మలా, చేతుల్లో కోలాటం కర్రలు. కర్రలు లేవు కాబట్టి తుడుపుకర్రలు. దుప్పటి తీశాం, చూడకపోతే ఆడి ఏం లాభం? నేను తొంభై కిలోల మనిషిని. అతనికి మోకాలి నొప్పి. ఠక్కున కర్ర తగిలిస్తూ, వంగుతూ, చప్పట్లు కొడుతూ తిరిగాం. అద్దాల్లో ఓ యాభైమంది మాలాంటి పిచ్చివాళ్ళు యాభైమంది దేవతల చుట్టూ తిరిగారు. భయంతో మొదలైన ఆట ఎప్పుడు ఊపందుకుందో తెలీదు. నాకు తెలియకుండానే కొంగు బిగించాను.

"యా అల్లా!"

గుమ్మంలో మేడమ్. పక్కన సూట్‌కేసు. చెప్పకుండా ముందే దిగేసింది. ఎప్పటినుంచి నిలబడిందో!

తుడుపుకర్ర నా చేతిలోంచి జారింది. మేడమ్ మమ్మల్ని చూసింది, విగ్రహాన్ని చూసింది. "ఈ కళ్ళు ఎవరు పెట్టారు?"

వీసా పోయింది, ఖలాస్. ఇక దాచేదేముంది? "ఎడమకన్ను నాది మేడమ్. తప్పయిపోయింది. కానీ అమ్మాయి మీద ఒట్టు, కుడికన్ను మాత్రం ఆవిడే తెరిచింది."

నా పక్కన రాజన్న గొంతు కీచుమంది. "ఎడమది నీదా?"

"నాదే."

"కుడిది నాదక్కా!"

శుక్రవారం డ్రస్సుల మూటలు దింపడానికి, మేడమ్ ఇచ్చిన రెండో తాళంచెవితో తలుపు తీసి చూశాడట. దేవత తనంతట తానే ఒక కన్ను తెరిచి, సగంలో ఆగిపోయిందనుకున్నాడట. "ఒంటికన్నుతోని జూస్తుంటె బుగులైందక్కా. సగం తెర్సిన దేవత మంచిది గాదని బండి గ్రీజు వెట్టి పూర్తి జేసిన."

"మరి మూడు రోజుల్నుంచీ నాచేత నిమ్మకాయలెందుకు కోయించావయ్యా?"

"ఎడమది వెట్టలేదని నువ్వు ఒట్టేస్తివి గద!"

మేడమ్‌కి తెలుగు రాదు. రాజన్న హిందీలో, నేను ఇంగ్లీషులో ఒకేసారి చెప్పాం. విని సూట్‌కేసు మీద కూలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత లేచి విగ్రహాన్ని చాలాసేపు చూసింది.

"ఒక కన్ను ఏడుస్తోంది. ఒకటి కొట్టేలా చూస్తోంది. అచ్చం మీ ఇద్దరిలాగే ఉంది. ఉండనీ." నావైపు తిరిగింది. "వీసా చేయిస్తాను. ఒక్క షరతు. స్కూలు తెరిచిన రోజు పిల్లల ముందు ఇద్దరూ ఈ డాన్సే చెయ్యాలి."

కిందపడ్డ తుడుపుకర్ర తీసుకుని "అలాగే మేడమ్" అన్నాను, జన్మలో మొదటిసారి ఆవిడతో వాదించకుండా.

చేశాం. పిల్లలు ఈలలు వేశారు, తల్లులు ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు, మా అమ్మాయి దాకా వెళ్ళాయి. "అమ్మా, నువ్వేనా?" అని అది నవ్విన నవ్వు వాళ్ళ హాస్టలంతా విందట. ఆ రోజు ఏసీ పాడై హాలు పొయ్యిలా కాగింది. మా ఒంటిమీద గుడ్డ పిండితే నీళ్ళు. ఆవిడ కాటుక మాత్రం చుక్క కారలేదు. ఎందుకని నన్నడక్కండి.

కనుక, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ దేశపు దేవతకీ కాటుక పెట్టను. పెట్టి, పెట్టలేదని చెప్పను. రాజన్నతో కలిసి జన్మలో అడుగు వెయ్యను. ఈ ప్రమాణం వ్యాన్ పక్కన, ఎండలో నిలబడి చేస్తున్నాను. హాల్లో చెయ్యడానికి ధైర్యం చాల్లేదు. చివరి మాటకి ఆవిడ ఒప్పుకోదేమో.