కుడి చక్రం జాడ

పెళ్ళయిన నాటి నుంచీ అకాయితికి మోటారుసైకిల్ అంటే వెనక సీటే. పువ్వుల గౌను మోకాళ్ళ కిందికి లాక్కుని, కాళ్ళు రెండూ ఎడమవైపే వేసి, ఒక చేత్తో భర్త తుపుయి నడుమూ రెండో చేత్తో చర్చికి పెట్టుకునే టోపీల సంచీ పట్టుకుని కూర్చునేది. పసిఫిక్ సముద్రం నడుమనున్న రారోటోంగాలో ద్వీపం చుట్టూ తిరిగే రోడ్డు ఒక్కటే. కాబట్టి పోయేటప్పుడు సముద్రం వైపు ఇళ్ళు, వచ్చేటప్పుడు కొండ వైపు ఇళ్ళు ఆమె కళ్ళ ముందు నుంచి సాగిపోయేవి. ఎవరి వరండాలో ఎవరున్నారు, ఎవరి వాకిట్లో సమాధికి కొత్తగా సున్నం వేశారు, ఎవరి కుక్క ఉత్తినే మొరుగుతుంది, ఎవరిది నిజంగా కరుస్తుంది, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. బండి తోలడం ఆయన పని, దారి పొడుగునా పలకరింపులు ఈమె పని. రోడ్డు రెండు అంచులూ అంత బాగా తెలిసిన మనిషికి ఆ రెంటికీ మధ్య ఉన్న రోడ్డు మాత్రం బొత్తిగా తెలియదు. తెలుసుకోవలసిన అవసరం పడలేదు మరి.

తుపుయి చూపు పోవడం మొదలయ్యాక ఆ అవసరం పడింది. అది పోవడం కూడా వింతగా పోయింది. నడిమధ్య చూపు పోయి, పక్క చూపు మిగిలింది. ఎదురుగా నిలబడితే మొహం ఉన్నచోట మసక, పక్కన నిలబడితే చెవి స్పష్టంగా కనబడుతుంది. డాక్టరు బండి ముట్టుకోవద్దన్నాడు. తుపుయి తాళంచెవి మేకుకి తగిలించి వరండాలో కూర్చున్నాడు, ఇంక లేవలేదు. చర్చికీ మానేశాడు. కారులో తీసుకుపోతామని చుట్టాలు వస్తే, "నేనేం అరటి గెలనా ఎక్కించుకుపోవడానికి?" అని మొహం తిప్పుకున్నాడు.

తితికవేకా చర్చిలో మగవాళ్ళ బెంచీల్లో అడుగు గొంతు ఆయనది. కడుపులోంచి హుమ్మని లేచే ఆ గొంతు మీదే మిగతా గొంతులన్నీ నిలబడేవి. అది లేని పాట అకాయితికి ఉప్పులేని కూరలా ఉండేది. పక్కవాళ్ళు పాడుతుంటే ఈమె పుస్తకంలోకి చూస్తూ కళ్ళు తుడుచుకునేది. ఆయన మళ్ళీ పాడాలి, అదొక్కటే ఆమెకు కావాలి. అందుకని మనవలున్న వయసులో బండి నేర్చుకుంది, పోలీసుల ముందు డబ్బాల చుట్టూ తిప్పి చూపించి లైసెన్సు తెచ్చుకుంది.

డబ్బాల చుట్టూ తిరగడం వేరు, రోడ్డు మీద పోవడం వేరు. అకాయితి తనకు తెలిసిన చోటునే పట్టుకుని పోయేది. అంటే అంచు. గడ్డిని రాసుకుంటూ, వరండాల్లోకి తొంగి చూస్తూ, "కియా ఒరానా" అని చెయ్యి ఊపుతూ పోయేది. ఒకరోజు తన చిన్ననాటి స్నేహితురాలు వైనేరేకి చెయ్యి ఊపుతుండగా ఎవరో విహారానికి వచ్చినవాళ్ళ అద్దె కారు పక్కనించి దూరింది. అదే సమయానికి గోడ మీంచి కుక్క దూకింది. ఇటు కుక్క, అటు కారు. ఎటూ పోలేక అకాయితి బండితో సహా తారో దుంపలు పండించే బురద మడిలోకి దిగిపోయింది.

వెనకాలే వస్తున్న ఊరి బస్సు ఆగింది. దాన్ని నడిపేది ఆమె మేనల్లుడు రోంగో.

"ఏంటత్తా, స్నానానికి దిగావా?"

"నోర్మూసుకుని చెయ్యివ్వు."

దెబ్బలేం తగల్లేదు. బస్సంతా చూసిందన్న బాధే ఎక్కువ. సాయంత్రం బండికి పట్టిన బురద కడగడానికి రోంగో ఇంటికొచ్చాడు. తుపుయి వరండాలోంచి, "అమ్మెయ్యండి ఆ బండిని," అన్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు.

రోంగో గొంతు తగ్గించి చెప్పాడు. "అత్తా, నువ్వు అంచున పోతుంటే నా సీట్లోంచి ఏమనిపిస్తుందో తెలుసా? పాపం అత్త దారిస్తోంది, పోనీలే అని దూరిపోతాను. అందరూ అంతే."

"దారివ్వడం మర్యాద కాదుట్రా?"

"మర్యాద ఇంట్లో చూపించు. కార్ల కుడి చక్రం పోయే జాడ ఉంటుంది చూడు, అందులో పో. అప్పుడు నీ పక్కన దూరడానికి సందుండదు. దాటాలంటే ఎదురు రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే. కుక్క దూకినా నీకు జరగడానికి చోటుంటుంది. ముందు ఏముందో కనబడని మలుపులో మాత్రం రోడ్డు మధ్య గీతకి దూరంగా అంచు వైపు జరుగు, లారీలవాళ్ళు అక్కడ గీత తొక్కేస్తారు."

"వెనకవాళ్ళు తిట్టుకోరూ?"

"తిట్టుకుంటారు. తిట్టుకున్నారంటే నిన్ను చూసినట్టేగా."

అకాయితికి ఆ మాట నచ్చింది. మర్నాటి నుంచి కుడి జాడ పట్టింది. మలుపొస్తే అంచు వైపు జరగడం, మళ్ళీ జాడలోకి రావడం త్వరగానే అలవాటైంది. కష్టమల్లా తల తిప్పకుండా ఉండడమే. పలకరింపులు ఆగిపోయేసరికి ఊళ్ళో గొణుగుడు మొదలైంది. బండి చేతికొచ్చాక అకాయితికి మనుషులు ఆనడం లేదని వైనేరే మాట్లాడడమే మానేసింది. అకాయితికి మనసు చివుక్కుమంది గానీ జాడ వదల్లేదు.

ఆదివారం పొద్దున తెల్ల గౌను వేసుకుని బండి వాకిట్లో పెట్టింది. "ఎక్కు," అంది తుపుయితో.

"ఆడదాని వెనకాలా?"

"ఇన్నేళ్ళూ నీ వెనకాల కూర్చుంటే నా పరువేం పోలేదే."

"తారో మడిలో పారేస్తావు."

"పారేస్తే కడుగుతాను."

ఆయన కదల్లేదు. అకాయితి సంచిలోంచి లేత కొబ్బరాకు టోపీ తీసి ఆయన చేతిలో పెట్టింది. చనిపోయిన అత్తగారు అల్లిన టోపీ అది. "హెల్మెట్ పెట్టుకున్నాక ఇది పట్టుకునేవాళ్ళు లేరు. పోయిన వారం హ్యాండిలుకి తగిలిస్తే ఇదిగో, ఇలా నలిగింది."

తుపుయి అంచంతా వేళ్ళతో తడిమాడు. నలిగిన చోట వేళ్ళు ఆగాయి. "బుద్ధుందా నీకు? దీన్ని హ్యాండిలుకి తగిలిస్తారా?" అని లేచాడు. టోపీ కోసమేనని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ ఎక్కాడు. ఒప్పుకుంటే ఎక్కడ అరిగిపోతాడో అన్నట్టు.

అకాయితి కుడి జాడ పట్టింది. కాసేపటికి వెనక ఒక కారు చేరింది, తర్వాత ఇంకోటి.

"పక్కకి జరుగు. వెనకాల ఎవరో ఉన్నారు."

"ఉండనీ."

"చాలామంది ఉన్నట్టున్నారే."

"వాళ్ళూ చర్చికేగా. ముందు పోయి ఏం చేస్తారు? నీ గొంతు లేకుండా పాట నిలబడుతుందా?"

గోడ మీంచి అదే కుక్క దూకింది, అంచుదాకా వచ్చి మొరిగి ఊరుకుంది. అప్పటికే బండి దానికి అందనంత దూరంలో ఉంది.

కొంచెం దూరం పోయాక తుపుయి, "ఎడమ పక్క వరండాలో నీలం గౌను. ఎవరది?" అన్నాడు.

అకాయితి తల తిప్పలేదు. "పనస చెట్టు దాటామా?"

"ఇప్పుడే."

"అయితే వైనేరే."

"చెయ్యి ఊపాను. ఆవిడా ఊపింది."

తర్వాత ఇంకెవరికో ఊపాడు, ఇంకెవరినో పేరు పెట్టి పిలిచాడు. మలుపు దగ్గర అకాయితి అంచు వైపు జరిగితే, "నేనూ ఇక్కడ ఇలాగే జరిగేవాణ్ణి," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ సంగతి ఆమెకు చెప్పడం అదే మొదటిసారి.

చర్చిలో మగవాళ్ళ బెంచీల్లోంచి ఆ గొంతు లేచినప్పుడు అకాయితి పాడడం మరిచిపోయింది. ఏడ్చింది, దాచుకోలేదు కూడా. పాటయ్యాక వైనేరే వచ్చి పక్కన కూలబడి, "మీ ఆయన నయం, పలకరించాడు," అంటూ తన చేతిరుమాలే ఇచ్చింది.

బయటికొచ్చాక తుపుయి తనంతట తనే బండెక్కాడు. అకాయితి ఇంటివైపు తిప్పబోతుంటే ఆపాడు.

"అటు పోనీ."

"ఇల్లు ఇటు కదా. అటు పోతే ద్వీపమంతా చుట్టి రావాలి."

"అటు పోయినా ఇల్లే వస్తుంది," అని తుపుయి టోపీ ఒళ్ళో సర్దుకున్నాడు. "అటువైపు వాళ్ళని నేను ఒక్కసారి కూడా పలకరించలేదు."