గూడకొంగల కోసం వెళ్ళిన ఆదివారం

ఏలూరులో పక్షుల సంఘం పెట్టాలన్న పిచ్చి నాకెందుకు పట్టిందో ముందు చెప్పాలి. రెండువేల దశకం మొదట్లో, కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం ఇంకా కొట్టెయ్యని రోజులవి. ఓ చలికాలం మండవల్లి దగ్గర మా ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు, తెల్లవారుతుండగా వాళ్ళ చెరువు గట్టు మీదికి నడిచాను. నీళ్ళ నిండా గూడకొంగలు. ముక్కు కింద సంచులు వేలాడేసుకుని, పెళ్ళిపందిట్లో పెద్దమనుషుల్లా తాపీగా తిరుగుతున్నాయి. ఇక్కడే పుట్టి పెరిగి ఇన్నాళ్ళూ వీటిని చూడలేదేమిటని నా మీద నాకే కోపం వచ్చింది. మా స్కూల్లో నాతోపాటు పాఠాలు చెప్పేవాళ్ళందరికీ ఇది చూపించి తీరాలనుకున్నాను.

సంఘం అనగానే అందరూ సై అన్నారు. వెళ్ళే రోజు దగ్గరే చిక్కొచ్చి పడింది. ఆదివారమంటే సగంమందికి చర్చి. శనివారమంటే మిగతా సగానికి ద్వారకా తిరుమల. రెండో శనివారం స్పెషల్ క్లాసులు. మరుసటి దసరా నుంచి ఇలాగే నానుస్తూ వచ్చారు. "ఈసారీ కుదరకపోతే ఇంక వదిలేద్దామండీ" అని తెలుగు మాస్టారు తేల్చేశారు. చివరికి చీకటితో వెళ్ళి ఆరాధన వేళకి వెనక్కి వచ్చెయ్యాలన్న షరతు మీద ఓ ఆదివారానికి ఒప్పించాను.

చీకటితో అన్నది మాటవరసకే మిగిలింది. ఒకరికి కాఫీ పడాలి, ఒకరికి స్వెట్టర్ కనబడదు. హెడ్‌మిస్ట్రెస్ గారైతే ఇడ్లీలు పొట్లాలు కట్టిస్తేగాని వ్యానెక్కనన్నారు.

"పిట్టలెక్కడికి పోతాయండీ, అక్కడే ఉంటాయిగా!" అన్నారావిడ.

కైకలూరు దాటేసరికి ఎండ వ్యాన్లోకి వచ్చేసింది. నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

మా ఆడపడుచు భర్త ఇస్త్రీ చొక్కాతో గట్టు మొదట్లోనే ఎదురొచ్చారు. గట్టంతా ఊడ్చి నీళ్ళు చల్లించారు. పాకలో కుర్చీలు వేయించారు. చెరువులో మాత్రం ఒక్క పిట్ట లేదు. గాల్లో మందుగుండు వాసన.

"పక్షులేవండీ అన్నయ్యగారూ?"

"తెల్లారకముందే టపాకాయలు కాల్పించి తోలించేశానమ్మా. పెద్దవాళ్ళొస్తున్నారాయె. గట్టంతా రెట్టలేసి కంపు చేసేస్తాయి."

"వాటిని చూడ్డానికే వస్తున్నామని ఫోన్లో చెప్పాను కదండీ!"

"చెప్పావమ్మా. పిట్టల కోసం అంత దూరం నుంచి ఎవరొస్తారు? భోజనాలు పెట్టమని అడగలేక మొహమాటపడుతున్నావనుకున్నాను." ఆయన నవ్వారు. "మనలో మనకి మొహమాటమేమిటమ్మా? కొర్రమీను పులుసు పెట్టించాను."

ఇంకొకరైతే అక్కడికక్కడే కడిగేసేదాన్ని. కానీ ఆయన మా ఇంటి అల్లుడు. ఆయనొస్తే మా మామగారే కుర్చీలోంచి లేస్తారు. నేను నోరెత్తితే మా ఆడపడుచు ఆ గడప మళ్ళీ తొక్కనిస్తుందా? వచ్చిన కోపమంతా దిగమింగి, "ఎందుకండీ ఇంత శ్రమ" అన్నాను. అలా అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

వాళ్ళెవరికీ ఏ లోటూ కనబడలేదు. ఆయన వల వేయిస్తే ఎగబడి చూశారు. పులుసు మారడిగి వేయించుకున్నారు. ఆరాధన మాట ఎత్తినవాళ్ళే లేరు. నేను స్కూలు ల్యాబ్ నుంచి తెచ్చిన బైనాక్యులర్స్‌ని ఎండ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

చేతులు కడుక్కున్నాక హెడ్‌మిస్ట్రెస్ గారు లేచారు. "మన పక్షుల సంఘానికి అధ్యక్షులుగా వీరే ఉండాలండీ. నెలనెలా ఇక్కడికే వద్దాం. ఏమంటారు మేడం?"

అందరూ నా వైపు తిరిగారు. "నాకెందుకండీ అవన్నీ" అంటూ ఆయన సిగ్గుపడుతున్నారు. పాక వెనక గిన్నెలు సర్దుతున్న మా ఆడపడుచు చెయ్యి ఆపి నన్నే చూస్తోంది.

అప్పుడు కనబడింది. చెరువు అవతలి వార, మందు వాసన తగ్గిందని ధైర్యం చేసిందేమో, ఒక్క గూడకొంగ వచ్చి వాలింది. అటు చూడండని అనబోయాను. నోరు తెరిచాను కూడా.

"అంతకంటేనా అండీ" అన్నాను.

పాక దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ చప్పుడుకి గూడకొంగ బరువుగా రెక్కలు కొట్టుకుంటూ లేచి ఎగిరిపోయింది. ఏడుపొచ్చింది నాకు. పులుసు ఘాటేమోనని మా ఆడపడుచు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.